ఏరేటర్లు మోసే ట్రాలీ కోసం బండికి హిచ్ బిగింపు: ప్రాజెక్టు డైరీ

పని ఇదీ. లాడర్ చాసిస్ (నిచ్చెన ఆకారపు అడుగు చట్రం) ఉన్న పాత బొలేరో వెనక 50 మి.మీ. బాల్ (ఉక్కు గుండు) ఉన్న హిచ్, అంటే ట్రాలీ తగిలించే అమరిక, బిగించాలి. దానికి ఒకే ఇరుసున్న చిన్న ట్రాలీ తగిలించాలి. ట్రాలీ మీద వెళ్లేవి రొయ్యల చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు, నీళ్ల మోటార్లు, పైపులు, అప్పుడప్పుడు 25 కిలోల మేత బస్తాలు. నిండు బరువు 600 కిలోలు దాటకూడదని ముందే గీత గీసుకున్నాం, ఎందుకంటే ట్రాలీకి సొంత బ్రేకుల్లేవు. యూరప్ నిబంధనల్లో బ్రేకులు లేని ట్రైలరుకి గరిష్ఠ పరిమితి 750 కిలోలు. మన గట్ల మీద దానికి ఇంకాస్త తగ్గించుకోవడమే నయం.

తిరిగే దారులు: ఉండి, ఆకివీడు, మొగల్తూరు వైపు చెరువు గట్లు, కాలవ గట్ల రోడ్లు, 216వ జాతీయ రహదారి. నరసాపురం దగ్గర వశిష్ఠ గోదావరి దాటాలంటే సఖినేటిపల్లి పంటు, అంటే బండ్లను దాటించే పడవ. ఈ దారుల్ని బట్టే హిచ్ డిజైను మారింది. డెల్టాలో కొండ ఎక్కే పని లేదు. చదునైన తారు రోడ్డు మీద 600 కిలోల ట్రాలీని ఒకే వేగంతో లాగడానికి పది పన్నెండు కిలోల బలం చాలు. అంచేత ఇక్కడ హిచ్‌ని పాడుచేసేది లాగుడు కాదు. కాలవ వంతెనల గూనుల దగ్గర, గట్ల గోతుల్లో పడే పైకీ కిందికీ కుదుపు ఒకటి, ఉప్పుగాలి తెచ్చే తుప్పు ఇంకొకటి. ఈ డైరీలో ఏ నిర్ణయం చూసినా ఈ రెంటి చుట్టూనే తిరుగుతుంది.

కాగితాలు

ఇనుము కొనకముందే ఆర్టీవో ఆఫీసులో ఒకసారి అడిగి రావాలి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో ఉన్న తయారీదారు వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ట్రాలీకి వేరే రిజిస్ట్రేషను, వేరే నంబరు ప్లేటు కావాలి. బీమా కంపెనీకి ట్రైలర్ సంగతి రాతపూర్వకంగా చెప్పి పాలసీలో ఎక్కించుకోవాలి. మాటమీద ఒప్పుకున్నారంటే క్లెయిము రోజున అది పనికిరాదు.

బజారులో ‘టో హుక్’ పేరుతో అమ్మే అలంకారపు కొక్కేలు కూడా ఉన్నాయి. పలచటి బ్రాకెట్లతో బంపరు దగ్గర తగిలిస్తారు. చూపుకి హిచ్‌లాగే ఉంటాయి, బరువు మాత్రం మోయవు. వాటికి ట్రాలీ తగిలించే ఆలోచన కూడా వద్దు.

లెక్క

హిచ్ కొనుక్కున్నా చేయించుకున్నా చూడాల్సిన మొదటి అంకె డి-విలువ, అంటే బండికీ ట్రాలీకీ మధ్య హిచ్ తట్టుకోవాల్సిన లాగుడు, తోపుడు బలం. బండి మొత్తం బరువునీ ట్రాలీ మొత్తం బరువునీ టన్నుల్లో గుణించి, వాటి కూడికతో భాగించి, 9.81తో గుణిస్తే కిలోన్యూటన్లలో వస్తుంది. బండి 2.2 టన్నులు, ట్రాలీ 0.6 టన్నులు అనుకుంటే 4.6. కొన్న బాల్ మీద, కప్లింగు (బాల్ మీద కూర్చునే ట్రాలీ వైపు గిన్నె) మీద చెక్కిన డి-విలువ ఇంతకంటే ఎక్కువే ఉండాలి. మామూలు 50 మి.మీ. బాల్స్‌కి ఇది చాలా చిన్న లెక్క.

అసలు చూడాల్సింది బాల్ మీద నిలువుగా పడే బరువు. ట్రాలీ మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం బాల్ మీద ఉండాలి. 600 కిలోలకి 30 నుంచి 42 కిలోలు. అంతకంటే తగ్గితే ట్రాలీ తోక ఊపుతుంది, ఎక్కువైతే బండి ముందు భాగం తేలిపోతుంది. డిజైనుకి మాత్రం 50 కిలోలు పెట్టుకున్నాం. ముందు, వెనక చక్రాల మధ్య 2.7 మీటర్లు, వెనక ఇరుసు నుంచి బాల్ 1.1 మీటర్లు ఉంటే, ఆ 50 కిలోలకి వెనక ఇరుసు మీద 70 కిలోలు పెరిగి ముందు ఇరుసు మీద 20 తగ్గుతాయి. వెనక కమాను పట్టీలున్న బండికి ఇదో లెక్క కాదు. అయితే లోపల వెనక సీట్లో నలుగురు, డిక్కీలో సామాను ఉంటే ఆ 70నీ వాటితో కలిపే చూడాలి.

గోతిలో పడినప్పుడు 50 కాస్తా మూడింతలవుతుందని లెక్కేసుకోవడం మంచిది. అంటే 150 కిలోలు. బాల్‌కీ చివరి బోల్టుకీ మధ్య 35 సెం.మీ., మొదటి బోల్టుకీ చివరి బోల్టుకీ మధ్య 25 సెం.మీ. పెట్టాం. అప్పుడు చివరి బోల్టుల మీద మొత్తం 360 కిలోలు, ముందు బోల్టుల మీద 210 కిలోలు పడతాయి. రెండు పక్కలకీ పంచితే పక్కకి 180, 105. ఎం12 సైజు (12 మి.మీ. లావు), 8.8 గ్రేడు (ఉక్కు బలాన్ని చెప్పే అంకె) బోల్టు సరిగ్గా బిగిస్తే ఒక్కోటి దాదాపు 4 టన్నుల బలంతో నొక్కి పడుతుంది. కాబట్టి బోల్టు తెగుతుందన్న భయం లేదు. నలిగేది, చిట్లేది బోల్టు చుట్టూ ఉన్న చాసిస్ రేకు. వెల్డింగు షాపుల్లో ‘ఆయ్, బంపరు బ్రాకెట్టుకే వేసేద్దావండి, గట్టిగానే ఉంటది’ అంటారు. బ్రాకెట్టు గట్టిదే కావచ్చు. దాని బోల్టులు మాత్రం దగ్గర దగ్గరగా ఉంటాయి. బోల్టుల మధ్య దూరం 25 సెం.మీ. బదులు 8 అయితే ఇదే కుదుపుకి చివరి బోల్టుల మీద 800 కిలోలు దాటి పడుతుంది.

బండి కింద కొలతలు

బండిని చదునైన సిమెంటు నేల మీద పెట్టాలి. మట్టి వాకిట్లో తీసిన ఎత్తులు నమ్మడానికి వీల్లేదు. నేల చదును తేల్చడానికి తాపీ మేస్త్రులు వాడే నీళ్ల గొట్టం బాగా పనికొచ్చింది. టైర్లలో గాలి పుస్తకంలో చెప్పినంత, డీజిల్ సగం టాంకు, లోపల రోజూ ఉండే సామాను. ఈ స్థితిలో హబ్ మధ్య నుంచి చక్రం పైన మడ్‌గార్డు అంచు దాకా నాలుగు మూలలా కొలిచి రాసుకున్నాం. ట్రాలీ తగిలించాక మళ్లీ ఇవే కొలిస్తే ఎంత కుంగిందో తెలుస్తుంది.

వెనక బంపరు విప్పడానికి ముందు బోల్టులకి చొచ్చుకుపోయే నూనె కొట్టి ఒక రాత్రి వదిలేయాలి. సముద్రం పక్క ఊళ్లలో తిరిగిన బండికి ఈ ఓపిక తప్పదు. తొందరపడి పానా తిప్పితే తల గుండ్రమవుతుంది, ఆ తర్వాత గ్రైండరే గతి. డీజిల్ టాంకు దగ్గర మంట పెట్టి వేడిచేయడం మాత్రం ఎవరు చెప్పినా వద్దు.

చాసిస్ కమ్మీలు కొన్ని బండ్లలో పెట్టెలా నాలుగు వైపులా మూసి ఉంటాయి, కొన్నింట్లో ఒక పక్క తెరిచి ఉంటాయి. చేత్తో తడిమి, టార్చి వేసి, వెనక కొస నుంచి లోపలికి చూడాలి. లోపలివైపు బ్రేకు పైపు, డీజిల్ గొట్టం, వైర్ల కట్ట ఎక్కడెక్కడ వెళ్తున్నాయో సుద్దముక్కతో బయట గీసుకోవాలి. కంపెనీ వేసి వదిలిన రంధ్రాలుంటే అవే ముందు వాడాలి. కొత్త రంధ్రం తప్పకపోతే నిలువు గోడ మధ్యలోనే వేయాలి. పై అంచు, కింది అంచు వంపు బలాన్ని మోసేవి. అక్కడ రంధ్రం పడితే కొన్నేళ్లకి అక్కడి నుంచే చీలిక మొదలవుతుంది.

బాల్ ఎత్తు దగ్గర కొంత చర్చ అవసరమైంది. అంతర్జాతీయంగా వాడే కొలత, బరువు వేశాక నేల నుంచి బాల్ మధ్యకి 350 నుంచి 420 మి.మీ. మేం పైకొస ఎంచుకుని 410 పెట్టాం, కారణం పంటు. హిచ్ కింది అంచు నేలకి 330 మి.మీ. ఎత్తులో, వెనక టైరు నేలను తాకే చోటుకి మీటరు దూరంలో ఉంటే, వెనక భాగం తగలకుండా ఎక్కగలిగిన కోణం 18 డిగ్రీలు. 280కి దించితే 16 కూడా ఉండదు. నరసాపురం దగ్గర వశిష్ఠలో ఆటుపోట్లు ఉంటాయి. నీరు తీసినప్పుడు రేవు వాలు నిటారవుతుంది. అక్కడ ఆ రెండు మూడు డిగ్రీలే హిచ్ గీసుకుపోతుందా లేదా తేలుస్తాయి. ట్రాలీని బాల్ ఎత్తుకి తగ్గట్టు స్ప్రింగుల కింద దిమ్మలు పెట్టి లేపడం సులువు. బండిని లేపడం సులువు కాదు.

ఇనుము పని

ముందు అట్టముక్కలతో రెండు పక్క ప్లేట్ల నమూనాలు కోశాం. అట్టని చాసిస్‌కి ఆనించి రంధ్రాల చోటు పెన్సిలు పొడితో రుద్ది తీసుకోవచ్చు. కుడి, ఎడమ ఒకేలా ఉంటాయని నమ్మకండి. సైలెన్సరు ఒక పక్కే ఉంటుంది కాబట్టి ఆ ప్లేటుకి కోత వేరు. సైలెన్సరుకి కనీసం 4 సెం.మీ. ఖాళీ వదలాలి, రబ్బరు వేలాడకాల మీద అది ఊగుతుంది.

వాడిన సరుకు: అడ్డంగా 60×60 మి.మీ. చదరపు గొట్టం, మందం 5; పక్క ప్లేట్లు 8 మి.మీ.; బాల్ కూర్చునే నిలువు ప్లేటు 12 మి.మీ.; దాని వెనక రెండు త్రికోణపు ఆసరాలు 8 మి.మీ. బాల్ అంచు ప్లేటు రకం, రెండు ఎం16 బోల్టులు, వాటి మధ్య దూరం 90 మి.మీ. ఈ రకం తీసుకున్నది కావాలనే. ట్రాలీ లేనప్పుడు రెండు బోల్టులు తీసి బాల్ ఇంట్లో పెట్టేయొచ్చు. బజారులో బండి వెనక పొడుచుకు వచ్చిన బాల్ టూవీలర్ల వాళ్ల మోకాళ్లకి సరిగ్గా తగిలే ఎత్తులో ఉంటుంది. పైగా వెనక నుంచి ఎవరైనా గుద్దితే ఆ దెబ్బ బంపరుని దాటి నేరుగా చాసిస్‌కి పోతుంది.

బాల్ కొనేటప్పుడు వెర్నియరు తీసుకెళ్లాలి. ఆన్‌లైన్‌లో మూడు సైజులు కలగాపులగంగా దొరుకుతాయి: 50 మి.మీ., రెండు అంగుళాలు అంటే 50.8, ఇంకోటి 47.6. 50 కప్లింగులో 47.6 బాల్ పెడితే లాకు పడినట్టే ఉంటుంది, మొదటి గూను దగ్గర ఎగిరి బయటికొస్తుంది. 50.8 బాల్ అదే కప్లింగులో బిగుసుకుపోయి తిరగదు. 50 బాల్ అరిగి 49కి వచ్చిందంటే పారేయాల్సిందే.

వెల్డింగు అంతా బండికి దూరంగా, బల్ల మీద. బండి మీద వెల్డింగు చేస్తే కంప్యూటరు యూనిట్లకి, ఆల్టర్నేటరుకి ముప్పు. పైగా వెల్డు పక్కన చాసిస్ ఉక్కు గుణం మారిపోతుంది. గొట్టానికి ప్లేట్లు అతికేటప్పుడు ఒక పక్కంతా ఒకేసారి లాగితే వంకర తిరుగుతుంది. నాలుగు చోట్ల చుక్కలు పెట్టి, మూలమట్టం చూసి, ఎదురెదురు వైపుల కొంచెం కొంచెంగా నింపాలి. రెండు ప్లేట్ల మధ్య వెడల్పు చాసిస్ బయటి కొలత కంటే 1 మి.మీ. ఎక్కువుంటే చాలు. తక్కువైతే ఎక్కదు. మరీ ఎక్కువైతే ఆ సందు మూయడానికే బోల్టు బలం ఖర్చవుతుంది; అక్కడ వాషర్లు కాదు, కొలతకి కోసిన రేకు పెట్టాలి.

మూసిన పెట్టె చాసిస్‌కి లోపల దూరం నిలిపే గొట్టం ముక్కలు తప్పనిసరి. 4 టన్నుల నొక్కుడుకి ఆ పలచటి గోడలు లోపలికి వంగుతాయి. ఇవాళ బిగిసినట్టే ఉంటుంది, వారానికి వదులవుతుంది. లోపలి రంధ్రం 13 మి.మీ., బయటి కొలత 20 మి.మీ. గొట్టం లేత్ మీద కోయించి, పొడవు పెట్టె లోపలి వెడల్పుకి సరిసమానంగా తీయించాలి. చాసిస్ వెనక కొస తెరిచి ఉంటే ఇనుప తీగ చివర కట్టి లోపలికి పంపొచ్చు. బోల్టుని లోపలి నుంచి బయటికి తేవాల్సిన చోట బైండింగు తీగని బోల్టు మర మీద నాలుగైదు చుట్లు చుట్టి, రంధ్రంలోంచి లాగాలి. బోల్టు తల కింద 40×40 సైజు, 6 మి.మీ. మందం ప్లేటు ముక్క కూడా అదే తీగ మీదుగా ముందు పంపాలి. ఇది మరిచిపోతే మళ్లీ అంతా మొదటికొస్తుంది.

రంధ్రాలు

బ్యాటరీ నెగటివ్ తీసేశాక డ్రిల్లు. సెంటరు పంచి కొట్టి 4 మి.మీ., తర్వాత 8, చివర 13. వేగం దగ్గరే ఎక్కువమంది బిట్లు కాల్చుకుంటారు: 4 మి.మీ. బిట్టుకి నిమిషానికి 1,500 చుట్లు సరే, 13 బిట్టుకి 500 దాటకూడదు. సన్నని పొడి, పొగ వస్తున్నాయంటే వేగం ఎక్కువైందనో నొక్కుడు తక్కువైందనో అర్థం. తెగకుండా చుట్టలు చుట్టలుగా ఇనుము రావాలి. కటింగ్ ఆయిల్ లేకపోతే కోనసీమ గానుగ కొబ్బరి నూనె కూడా పనిచేస్తుంది, వాసన కూడా బాగుంటుంది. కాకపోతే తర్వాత థిన్నరుతో పూర్తిగా తుడవాలి, లేకపోతే ప్రైమరు పట్టదు.

బిట్టు అవతలి గోడ దాటి వైర్ల కట్టలోకి దూసుకుపోకుండా బిట్టుకి గొట్టం ముక్క తొడిగి, లోతు ఆగేలా చేశాం. రంధ్రం అంచుల్లో లేచిన గరుకు పెద్ద బిట్టుతో చేత్తో తిప్పి తీసేయాలి. లోపల పడిన ఇనుప రజను అయస్కాంతంతో ఏరాలి, గాలి కొట్టాలి. అది లోపలే ఉంటే ఒక్క వానాకాలంలో అక్కడి నుంచి తుప్పు పాకుతుంది. కోసిన ప్రతి అంచుకీ వెంటనే జింకు ఎక్కువుండే ప్రైమరు పూయాలి.

పూత

హాట్ డిప్ గాల్వనైజింగు చేయించగలిగితే దానికి మించింది లేదు. 6 మి.మీ. దాటిన ఉక్కు మీద సగటున 85 మైక్రాన్ల జింకు కూర్చుంటుంది. అలా చేయించాలంటే చదరపు గొట్టానికి రెండు కొసల్లోనూ గాలి రంధ్రాలు ఉండి తీరాలి. మూసిన గొట్టాన్ని కరిగిన జింకులో ముంచితే లోపలి గాలి, తేమ వ్యాకోచించి పేలుతుంది. బోల్టు రంధ్రాలు కూడా పూతకి తగ్గట్టు కొంచెం పెద్దవి వేయించాలి.

అది కుదరకపోతే: గ్రైండరు తీగ బ్రష్‌తో మెరిసేదాకా తోమి, జింకు ఎపాక్సీ ప్రైమరు రెండు పూతలు, పైన ఎపాక్సీ నలుపు రెండు. రెడాక్సైడ్ ఒక్కటే పూసి వదిలేసే అలవాటు మన షాపుల్లో ఉంది. ఉప్పునీటి చెరువు గట్టు మీద తిరిగే బండికి అది ఎక్కువకాలం ఆగదు. ఒక మెలిక మాత్రం గమనించాలి. చాసిస్‌కి ఆనుకునే ముఖాల మీద పలచటి ప్రైమరే ఉండాలి. అక్కడ మందంగా రంగేస్తే బోల్టు నొక్కుడుకి రంగు మెల్లగా పక్కకి జరిగి, బిగింపు దానంతటదే తగ్గిపోతుంది. గొట్టం కింది వైపు 10 మి.మీ. నీటి రంధ్రాలు రెండు వదిలాం.

బోల్టుల సంగతి. తుప్పు భయంతో స్టెయిన్‌లెస్ బోల్టులు అడిగేవాళ్లున్నారు. మామూలుగా దొరికే ఏ2-70 రకం 8.8 ఉక్కు కంటే బలం తక్కువ, బిగించేటప్పుడు మరలు ఒకదానికొకటి పట్టేసుకుంటాయి. పోనీ బలం ఎక్కువని 12.9 తెద్దామంటే, అంత గట్టి ఉక్కుకి జింకు ప్లేటింగు, ఉప్పు తేమ కలిస్తే పెళుసై చెప్పాపెట్టకుండా విరిగే ప్రమాదం ఉంది. జింకు పూసిన 8.8 చాలు. తలమీద 8.8 అని చెక్కి ఉండాలి. చెక్కడం లేని బోల్టు ఎంత మెరిసినా తీసుకోకూడదు.

బిగింపు

అడ్డ గొట్టాన్ని జాకీ మీద లేపి, అన్ని బోల్టులూ చేత్తో ఎక్కించి, హిచ్ మధ్య బండి మధ్యతో కలిసిందో లేదో లంబసూత్రంతో చూసి, ఆ తర్వాతే పానా. నైలాన్ పట్టీ ఉన్న నట్లు వాడాం, విప్పిన ప్రతిసారీ కొత్తవి. ఎం12కి 80 న్యూటన్ మీటర్లు, బాల్ ఎం16కి 200. ఇవి పొడి మరలకి. గ్రీజు పూస్తే అదే తిప్పుడుకి బోల్టు ఇంకా ఎక్కువ సాగుతుంది కాబట్టి నాలుగో వంతు దాకా తగ్గించుకోవాలి.

టార్క్ రెంచి ప్రతి ఇంట్లో ఉండదు. చేపల తూకానికి వాడే కొక్కెం త్రాసు ఈ ఊళ్లలో ఎక్కడైనా దొరుకుతుంది. పానాకి గొట్టం తొడిగి, బోల్టు మధ్య నుంచి 50 సెం.మీ. దగ్గర కొక్కెం తగిలించి, గొట్టానికి లంబంగా లాగాలి. త్రాసు 16.3 కిలోలు చూపినప్పుడు 80 న్యూటన్ మీటర్లు. 80 సెం.మీ. దగ్గర 25.5 కిలోలు చూపితే 200. కుదుపు లేకుండా నెమ్మదిగా లాగితే ఈ పద్ధతి నమ్మదగిందే. బిగించాక నట్టు మీదుగా ప్లేటు మీదికి తెల్ల రంగుతో ఒక గీత. ఆ గీత విరిగితే నట్టు తిరిగినట్టు.

కరెంటు పని

హిచ్ పనులన్నిట్లో తర్వాత ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. 7 పిన్నుల సాకెట్టుకి రంగుల క్రమం: 1 పసుపు, ఎడమ ఇండికేటరు, 2 నీలం, వెనక ఫాగ్ దీపం, 3 తెలుపు, ఎర్త్, 4 ఆకుపచ్చ, కుడి ఇండికేటరు, 5 గోధుమ, కుడి టెయిల్ దీపం, 6 ఎరుపు, బ్రేకు దీపాలు, 7 నలుపు, ఎడమ టెయిల్ దీపం. బండి వైర్ల రంగులు వీటితో కలవవు. టెస్టు లాంపుతో ఒక్కో స్విచ్చి నొక్కి చూసి గుర్తించాలి.

మామూలు బల్బులైతే ట్రాలీకి టెయిల్ దీపాలు 5 వాట్లవి రెండు, బ్రేకు 21వి రెండు, ఇండికేటర్లు 21వి రెండు. అన్నీ ఒకేసారి వెలిగితే 94 వాట్లు, అంటే దాదాపు 8 ఆంపియర్లు. బండి వెనక దీపాల సన్నని తీగల నుంచి ఇంత లాగడం సరికాదు. బ్యాటరీ నుంచి నేరుగా 2.5 చదరపు మి.మీ. తీగ, బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజు, వెనక రిలే మాడ్యూలు. బండి దీపాల తీగలు ఆ మాడ్యూలుకి ఆజ్ఞలు మాత్రమే ఇస్తాయి. తీగ మందం ఎందుకంటే, 5 మీటర్ల దూరానికి 2.5 తీగలో పోయేది 0.3 వోల్టు, 0.75 తీగలో దాదాపు ఒక వోల్టు. ఆ ఒక్క వోల్టుకే బ్రేకు దీపం మసకబారుతుంది. మాడ్యూలు లేకుండా నేరుగా కలిపితే ఇండికేటరు రిలే కొన్ని బండ్లలో పిచ్చిపిచ్చిగా కొట్టుకుంటుంది, కొత్త బండ్లలో డాష్‌బోర్డు మీద బల్బు హెచ్చరిక వస్తుంది.

ఎర్త్ తీగ సాకెట్టు 3వ పిన్ను నుంచి చాసిస్ మీద గీకి శుభ్రం చేసిన చోటికి విడిగా వెళ్లాలి. బాల్ మీదుగా ఎర్త్ అందుతుందిలే అని వదిలేస్తే, గ్రీజు వల్లా తుప్పు వల్లా ఇవాళ అందుతుంది రేపు అందదు. ఎర్త్ పోయిందని గుర్తుపట్టడం తేలిక: బ్రేకు నొక్కితే టెయిల్ దీపాలు, ఇండికేటర్లు అన్నీ మసగ్గా కలిసి వెలుగుతాయి. కరెంటుకి తిరుగు దారి దొరక్క మిగతా బల్బుల గుండా పోతోందన్నమాట. ఇలా కనబడితే బల్బులు మార్చుకుంటూ కూర్చోకండి, తెల్ల తీగ చూడండి.

జాయింట్లకి నీలం రంగు కొరుకుడు క్లిప్పులు వాడొద్దు. అవి తీగ తోలుని కోసి వదిలేస్తాయి. ఆ కోతలోంచి ఉప్పు తేమ రాగి పోగుల మధ్యకి పాకి, తోలు కిందే పచ్చగా చిలుం పట్టిస్తుంది. బయటికి తీగ బాగానే కనిపిస్తుంది, లాగితే ఊడొస్తుంది. క్రింపు చేసి, లోపల జిగురున్న వేడి తొడుగు వేయాలి. సాకెట్టు మూత కిందికి తెరుచుకునేలా బిగించి, వెనక తీగ కిందికి వంగి మళ్లీ పైకి వెళ్లేలా మడత వదలాలి. నీరు ఆ మడత దగ్గర కారిపోతుంది. పిన్నుల మీద డైఎలక్ట్రిక్ గ్రీజు పల్చగా.

పరీక్ష

ట్రాలీ లేకుండానే ముందు బాల్ మీద ఇద్దరు మనుషులు ఒకేసారి నిలబడాలి. ఇద్దరి బరువూ 150 కిలోలైతే లెక్కలో వేసుకున్న కుదుపు బరువంతా దాని మీద పడినట్టే. చాసిస్ కొసకీ బాల్ ప్లేటుకీ మధ్య కొలత ముందు, నిలబడినప్పుడు, దిగాక తీయాలి. నిలబడినప్పుడు ఒకటి రెండు మి.మీ. దిగితే ఫరవాలేదు. దిగాక పాత కొలతకి తిరిగి రాకపోతే ఎక్కడో జారింది, గీతలన్నీ చూడాలి.

ముక్కు బరువు, అంటే బాల్ మీద నిలువుగా పడే బరువు, కొలవడానికి ఇంట్లో మనుషుల తూకం యంత్రం చాలు. కప్లింగు కింద బాల్ ఎత్తుకి తగ్గ కర్రముక్క నిలబెట్టి, దాన్ని తూకం మీద ఆనించాలి. ట్రాలీ సమంగా ఉన్నప్పుడే అంకె సరైనది. ఏరేటర్లతో చిక్కేమిటంటే, తేలే డబ్బాలు చోటంతా తింటాయి, బరువంతా మోటారులోనూ గేర్‌బాక్సులోనూ ఉంటుంది. మోటార్లు ఇరుసుకి కొద్దిగా ముందు వచ్చేలా పేర్చి, ఫ్లోట్లు వెనక కట్టాలి. చోటు కుదిరిందని మోటార్లు వెనక తోస్తే ముక్కు బరువు సున్నాకి, ఆ కిందికీ పోతుంది. నిండు ట్రాలీని ఒకసారి కాటా వేయించి ఆ చీటీ బండిలో పెట్టుకోవాలి.

భద్రతా గొలుసులు రెండు, 6 మి.మీ. గ్రేడ్ 80, ఒక్కోటి 1.12 టన్నుల పని బరువుకి. కప్లింగు కింద ఒకదానినొకటి అడ్డంగా దాటేలా వేయాలి. బాల్ ఊడితే ట్రాలీ ముక్కు నేలకి గుచ్చుకోకుండా వాటి మీద పడుతుంది. గొలుసు కొసలు హిచ్ అడ్డ గొట్టానికి అతికిన కళ్లకే తగిలించాలి, బాల్ మెడకి కాదు.

వెనక తలుపు మీద స్టెప్నీ ఉన్న బండికి ఒక చిన్న చిక్కు: ట్రాలీ తగిలి ఉండగా తలుపు తీస్తే స్టెప్నీ వెళ్లి ట్రాలీ ముక్కు దగ్గరి ఆసరా చక్రం తిప్పే హ్యాండిలుకి తగులుతుంది. హ్యాండిలుని కిందికి మడిచే రకం కొంటే తీరిపోతుంది.

రోడ్డు మీదకొచ్చాక

216 మీద గంటకి 50 కి.మీ. దాటనివ్వడం లేదు. బ్రేకులు లేని 600 కిలోలు వెనక నుంచి తోస్తాయని మొదటి బ్రేకుకే తెలుస్తుంది. ట్రాలీ ఊగితే బ్రేకు తొక్కొద్దు, స్టీరింగుతో సరిదిద్దొద్దు. యాక్సిలరేటరు వదిలేసి బండిని తనంతట తాను నెమ్మదించనివ్వాలి. తర్వాత ఆపి సామాను ముందుకి జరపాలి.

మొదటి వంద కిలోమీటర్ల తర్వాత ఎం12 నట్లు కొద్దిగా కదిలాయి, ఎం16లు కదల్లేదు. రంగు కూర్చోవడం వల్ల ఇది మామూలే. మళ్లీ 80కి తెచ్చి పాత గీత చెరిపి కొత్త గీత గీశాం.

ఇంకా మిగిలిన పనులు: ట్రాలీ కింద దిమ్మలకి గాల్వనైజు చేసిన యు-బోల్టులు, చాసిస్ రంధ్రాల చుట్టూ లోపలికి మైనపు స్ప్రే, పంటు ఎక్కేటప్పుడు గీసుకున్న చోట 6 మి.మీ. అరుగుడు పట్టీ. చెరువు పని అయిన రోజు సాయంత్రం హిచ్ మీద, సాకెట్టు మూత మీద మంచినీళ్లు కొట్టి, బాల్ తుడిచి టోపీ పెట్టేయాలి. గ్రీజు పూసిన బాల్ మూత లేకుండా ఇసుక గట్టు మీద తిరిగితే కప్లింగు లోపలి గిన్నె అరిగిపోతుంది.